ముందు ప్రశ్న, చివర స్కాన్

షుగరు ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి వేలి కొసన ఒక రక్తపు చుక్క చాలు. థైరాయిడ్ సంగతి చాలావరకు ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోతుంది. ఆ లెక్కన కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువైందో లేదో తేల్చడం కూడా పొద్దున రక్తం ఇచ్చి సాయంత్రానికి రిపోర్టు తెచ్చుకునే పనే అయివుండాలి. డయాగ్నొస్టిక్ సెంటర్ల హెల్త్ ప్యాకేజీల్లో కొన్నిటిలో ఇప్పుడు పొద్దుటి కార్టిసాల్ కూడా చేరింది కాబట్టి, చాలామంది అలాగే అనుకుంటున్నారు కూడా. కానీ కార్టిసాల్ అతిగా తయారవడం వల్ల వచ్చే కుషింగ్ సిండ్రోమ్‌ను పట్టుకోవడానికి ఆ ఒక్క అంకె దాదాపు పనికిరాదు. పొద్దున ఎనిమిది గంటలకు ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉండవచ్చు, 25 ఉండవచ్చు. కుషింగ్ రోగి రిపోర్టు కూడా తరచుగా ఆ రెండు గీతల మధ్యే పడుతుంది. రోగి నార్మల్ అనిపించుకుని ఇంటికి వెళ్తాడు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్న ఆరోగ్యవంతురాలు మాత్రం గీత దాటి కంగారుపడుతుంది. ఆ మాత్రల్లోని ఈస్ట్రోజెన్ వల్ల కార్టిసాల్‌ను మోసుకుపోయే ప్రొటీను పెరుగుతుంది, దానితోపాటు మొత్తం కార్టిసాల్ అంకే పెరిగి కనిపిస్తుంది. ఒంట్లో పనిచేసే కార్టిసాల్ పెరిగినట్టు కాదు. ఈ జబ్బును నిర్ధారించడంలో యంత్రాల కంటే ప్రశ్నల వరుస ముఖ్యమన్నది ఈ అధ్యాయంలో నా వాదన. వరుస తప్పితే ఎంత ఖరీదైన పరీక్ష అయినా దారి తప్పిస్తుంది.

కార్టిసాల్ ఎలా అదుపులో ఉంటుందో చూస్తే ఈ వరుస ఎందుకో అర్థమవుతుంది. రెండు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల పైపొరలో కార్టిసాల్ తయారవుతుంది. దాన్ని తయారు చేయమని ఆజ్ఞ పంపేది మెదడు అడుగున ఉన్న, ఓ అర గ్రాము బరువు మాత్రమే తూగే పిట్యుటరీ గ్రంథి. ఆ ఆజ్ఞ పేరు ఏసీటీహెచ్. పిట్యుటరీకి పైఅధికారి హైపోథాలమస్. రక్తంలో కార్టిసాల్ పెరిగేకొద్దీ ఈ ఇద్దరూ ఆజ్ఞలు తగ్గిస్తారు, తరిగితే మళ్లీ పెంచుతారు. మేడ మీద నీళ్ల ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ చేసే పని కూడా ఇదే. నీళ్లు నిండితే మోటారు ఆగిపోతుంది. మోటారు చెడిందా, స్విచ్ చెడిందా తెలుసుకోవడానికి ఏదో ఒక వేళప్పుడు ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో కొలిస్తే లాభం లేదు. బయటి నుంచి నాలుగు బకెట్లు తెచ్చి పోసి, మోటారు ఆగుతుందో లేదో చూడాలి. కార్టిసాల్ విషయంలో వైద్యులు చేసేది కూడా దాదాపు అంతే. ఇంకొక సంగతి ఏమిటంటే, కార్టిసాల్‌కు దినచర్య ఉంది. మనం నిద్ర లేచే వేళకు అది శిఖరానికి చేరి, పగలంతా దిగుతూ వచ్చి, అర్ధరాత్రి గాఢనిద్రలో అట్టడుగుకు చేరుతుంది. జబ్బు వచ్చినప్పుడు ముందుగా చెడేవి ఈ రెండే, అంటే రాత్రిపూట దిగే అలవాటు, పైనుంచి కార్టిసాల్ లాంటిది వచ్చి పడితే తగ్గే క్రమశిక్షణ. పొద్దుటి అంకె ఈ రెండింటిలో దేని గురించీ ఏమీ చెప్పదు.

జబ్బుకు పేరిచ్చిన హార్వీ కుషింగ్ అమెరికన్ న్యూరోసర్జన్. ఆయన 1912లో అచ్చయిన పిట్యుటరీ గ్రంథంలో 23 ఏళ్ల యువతి కథ రాశాడు. లావెక్కిన ఒళ్లు, సన్నని కాళ్లు చేతులు, ఆగిపోయిన నెలసరి, ఒంటి మీద చారలు ఆమెలో కనిపించాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1932లో, అలాంటి 12 మంది వివరాలు పోగుచేసి, మూలం పిట్యుటరీలోని చిన్న గడ్డ కావచ్చని ప్రతిపాదించాడు. అప్పటికి కార్టిసాల్ అన్న పదార్థాన్ని ఎవరూ వేరుచేయలేదు, కొలిచే సాధనమూ లేదు. కంటితో చూసి, చేత్తో తడిమి, చనిపోయాక శవపరీక్షలో వెతికి కట్టిన వాదం అది. గుర్తించినా చేయగలిగింది పెద్దగా ఉండేది కాదు. 1952లో ప్లాట్జ్, నౌల్టన్, రాగన్ అనే వైద్యులు ప్రచురించిన లెక్క ప్రకారం, చికిత్స లేని రోగుల్లో సగంమంది ఐదేళ్లు తిరక్కుండానే చనిపోయారు. గుండె జబ్బు, బీపీ, ఇన్‌ఫెక్షన్లు వాళ్లను తీసుకెళ్లేవి. 1960లో గ్రాంట్ లిడిల్ అనే వైద్యుడు డెక్సామెథసోన్ అనే కృత్రిమ స్టెరాయిడ్‌ను ఇచ్చి కార్టిసాల్ తగ్గుతుందో లేదో చూసే పరీక్షను ప్రవేశపెట్టాక కథ మలుపు తిరిగింది. అప్పటిదాకా ఎంత ఉంది అని అడిగేవాళ్లు, అప్పటినుంచి మాట వింటోందా అని అడగడం మొదలుపెట్టారు.

అయితే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న దగ్గర తప్పటడుగు పడితే తర్వాత ఎన్ని పరీక్షలు చేసినా సరిదిద్దుకోలేం. లావు, బీపీ, షుగరు, దిగులు, నెలసరి క్రమం తప్పడం, మొహం మీద అవాంఛిత రోమాలు అన్నీ కుషింగ్ రోగుల్లో ఉంటాయి. మన వీధిలో నలుగురిని ఆపి అడిగితే వీటిలో ఏదో ఒకటి ఇద్దరికి ఉంటుంది. కుషింగ్ మాత్రం, ఒంట్లోనే పుట్టే రకాన్ని లెక్కేస్తే, యూరప్ గణాంకాల ప్రకారం ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. అదే లెక్క మనకూ వర్తిస్తుందనుకుంటే, 2011 జనాభా లెక్కల్లో ఎనిమిదిన్నర కోట్లకు దగ్గరగా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి కొత్తగా ఓ రెండు వందలమంది ఉంటారు. పరీక్షల్లో ఎక్కువగా వాడే రాత్రి డెక్సామెథసోన్ పరీక్ష నిజమైన రోగుల్లో నూటికి 95 మందికి పైగా పట్టుకుంటుంది, కానీ జబ్బు లేనివాళ్లలో నూటికి ఇరవైమంది దాకా ఉన్నట్టు చూపిస్తుంది. లావుగా ఉన్న పదివేలమందికి ఈ పరీక్ష చేశామనీ, వాళ్లలో వెయ్యికి ఒకరికి నిజంగా జబ్బుందనీ అనుకుందాం. పదిమంది రోగులూ దొరుకుతారు. వాళ్లతోపాటు దాదాపు రెండువేలమంది ఏ పాపమూ ఎరుగనివాళ్లు కూడా దొరుకుతారు. పాజిటివ్ రిపోర్టు పట్టుకున్న రెండువందలమందిలో నిజమైన రోగి ఒక్కడన్నమాట.

ఇప్పుడు అదే పరీక్షను, పదిమందిలో ఒకరికి జబ్బు ఉండే అవకాశమున్న వెయ్యిమందికే చేద్దాం. వందమంది రోగుల్లో 95 మంది, మిగతా తొమ్మిదివందల్లో 180 మంది పాజిటివ్ వస్తారు. ఇక ప్రతి ముగ్గురిలో ఒకరు నిజమైన రోగి. వీళ్లకు ఇంకొక రకమైన పరీక్ష, తప్పుగా పట్టుకునేది నూటికి పదే అయినది, చేస్తే ఆ 180 మందిలో ఓ పద్దెనిమిదిమందే మిగులుతారు. రెండు పరీక్షల పొరపాట్లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేనప్పుడే ఈ లెక్క నిలుస్తుంది, అందుకే వైద్యులు ఒకే పరీక్షను రెండుసార్లు కాక వేర్వేరు సూత్రాల మీద నడిచే రెండిటిని ఎంచుకుంటారు. ఇక్కడ పరీక్ష మెరుగుపడలేదు, పరీక్షకు కూర్చోబెట్టిన మనుషులు మారారు. ఆ మనుషులను ఎంచడానికి యంత్రం లేదు. మామూలు లావులో కనిపించనివి, కార్టిసాల్ ఒంట్లోని ప్రొటీన్లను తినేస్తున్నప్పుడు మాత్రమే కనిపించేవి కొన్ని గుర్తులున్నాయి. చిన్నగా తగిలినా ఒంటి మీద నల్లగా కమిలిపోవడం, చర్మం కాగితంలా పలచబడటం, పొట్ట మీదా తొడల మీదా సెంటీమీటరు కంటే వెడల్పైన ఊదారంగు చారలు, కింద కూర్చుంటే చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం, జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తి ఉంచలేకపోవడం అలాంటివి. పిల్లల్లో అయితే బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోవడం పెద్ద హెచ్చరిక, ఎందుకంటే తిండి ఎక్కువై లావైన పిల్లలు సాధారణంగా పొడుగు కూడా పెరుగుతారు. పాఠ్యపుస్తకాల్లో ముఖం ఎర్రబడటం అని రాస్తారు. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు అంత తేలిగ్గా బయటపడదని ఆ పుస్తకాలు రాసినవాళ్లకు తట్టలేదు. ఆధార్ కార్డు మీది పాత ఫొటోనూ ఎదుట కూర్చున్న మనిషి ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఇలాంటి చోట తెలివైన పరీక్ష. దానికి ఖర్చు లేదు.

ఖర్చు లేని పరీక్ష మరొకటి ఉంది, అన్నిటికంటే ముందు జరగాల్సింది అదే. స్టెరాయిడ్లు ఏ రూపంలోనైనా వాడుతున్నారా అని అడగడం. 1948లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను మొదటిసారి కీళ్లవాతం రోగికి ఇచ్చారు. మంచానికి అతుక్కుపోయినవాళ్లు లేచి నడిచారు, 1950లో హెంచ్, కెండల్, రైక్‌స్టీన్‌లకు నోబెల్ వచ్చింది. అయితే ఎక్కువకాలం వాడినవాళ్ల ముఖాలు గుండ్రబడి, చర్మం పలచబడి, షుగరు వచ్చింది. కుషింగ్ వర్ణించిన జబ్బును వైద్యం తానే తయారుచేసింది. ఇవాళ్టికీ ప్రపంచంలో కుషింగ్ సిండ్రోమ్‌కు అతి పెద్ద కారణం ఒంట్లోని గడ్డలు కావు, బయటి నుంచి వచ్చిన స్టెరాయిడ్లే. మన దగ్గర ఈ ప్రశ్న మరీ అవసరం. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే చిన్న మాత్రల్లో, ఆర్‌ఎంపీ వేసే ఇంజెక్షన్లలో, ఆయాసానికీ కీళ్ల నొప్పులకూ పొట్లం కట్టి ఇచ్చే పేరులేని పొడుల్లో, తెల్లబడతామని రాసుకునే క్రీముల్లో ఇవి ఉంటున్నాయి. స్టెరాయిడ్ కలిసిన చర్మపు క్రీములు చాలావాటిని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు. కోవిడ్ కాలంలో డెక్సామెథసోన్ పేరు ఊరూరా తెలిసిపోయాక వాటిని కొనుక్కోవడం ఇంకా సులువైంది.

ఈ ప్రశ్న అడగకుండా రక్తపరీక్షకు పంపితే ఏమవుతుందో చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్ కార్టిసాల్ లాగే పనిచేస్తాయి గానీ, కార్టిసాల్‌ను కొలిచే పరీక్షకు కనబడవు. వాటిని నెలల తరబడి మింగిన మనిషి పిట్యుటరీ ఆజ్ఞలు పంపడం మానేస్తుంది, అడ్రినల్ గ్రంథులు ఎండుకుపోతాయి. ముఖం, చారలు, బలహీనత అన్నీ కార్టిసాల్ ఎక్కువైందని అరుస్తుంటాయి, రిపోర్టులో మాత్రం కార్టిసాల్ అడుగంటి ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ అయితే ఇంకోలా మోసం చేస్తుంది, చాలా ల్యాబ్ పద్ధతులు దాన్నే కార్టిసాల్ అనుకుని లెక్కపెట్టేస్తాయి. ఏ మందూ వాడటం లేదండీ అని రోగి చెప్పడం అబద్ధం కాకపోవచ్చు, పొట్లంలో ఏముందో ఆయనకూ తెలియదు. అందుకే అడిగే తీరు మారాలి. స్టెరాయిడ్ వాడుతున్నారా అని కాక, నొప్పులకు ఏం వేసుకుంటారు, దగ్గినప్పుడు ఏం పీలుస్తారు, మొహానికి ఏం రాస్తారు, ఊళ్లో ఎవరి దగ్గర మందు తెచ్చుకుంటారు అని విడివిడిగా అడగాలి.

అక్కడ ఏమీ దొరకలేదనుకుందాం. అప్పుడు అసలు పరీక్షలు మొదలవుతాయి. రాత్రి పదకొండు పన్నెండు గంటల మధ్య ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మింగాలి, మన దగ్గర అరమిల్లీగ్రాము మాత్రలు రెండు. మర్నాడు పొద్దున ఎనిమిది తొమ్మిది గంటల మధ్య రక్తం ఇవ్వాలి. ఆరోగ్యవంతుల పిట్యుటరీ ఆ రాత్రికి కార్టిసాల్ చాలినంత ఉందనుకుని ఊరుకుంటుంది, పొద్దుటికి కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాముల కంటే కిందికి దిగుతుంది. దిగకపోతే అనుమానించాలి. ఇక్కడా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటోయిన్ లేదా కార్బమజెపైన్ వాడుతున్నవాళ్ల కాలేయం డెక్సామెథసోన్‌ను గబగబా కరిగించేస్తుంది. బకెట్లు ట్యాంకులో పడకుండానే కారిపోయాయన్నమాట. మోటారు ఆగలేదని దాన్ని నిందించి లాభం లేదు. క్షయ ఇంతగా ఉన్న దేశంలో ఇది మూలన పడేసే వివరం కాదు.

రెండో పరీక్ష దినచర్యను చూస్తుంది. రాత్రి పదకొండు దాటాక నోట్లో దూది చుట్ట పెట్టుకుని ఒకటి రెండు నిమిషాలు నమిలి గొట్టంలో వేస్తే, ఆ ఉమ్మిలో కార్టిసాల్ కొలుస్తారు. రెండు వేర్వేరు రాత్రులు చేయాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు, సూది అక్కర్లేదు, ఆసుపత్రి భయంతో కార్టిసాల్ పెరిగే గొడవా లేదు. కానీ అమెరికా వేళల్లో పనిచేసే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అర్ధరాత్రి అర్ధరాత్రి కాదు, షిఫ్టులు మారేవాళ్లకు ఈ పరీక్ష పనికిరాదు. దగ్గుకు అతిమధురం వేరు నమిలే అలవాటున్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. ఉమ్మి గ్రంథుల్లో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అతిమధురం అడ్డుకుంటుంది, ఉమ్మిలో కార్టిసాల్ జబ్బు లేకుండానే పెరిగి కనిపిస్తుంది. మూడో పరీక్ష ఇరవైనాలుగు గంటల మూత్రంలో కార్టిసాల్. పొద్దున మొదటిసారి వెళ్లింది పారబోసి, మర్నాడు పొద్దుటి మొదటిదాకా ఒక్క చుక్క వదలకుండా డబ్బాలో పట్టాలి, డబ్బా చల్లగా ఉంచాలి. పచ్చళ్లూ పాలూ ఉన్న ఫ్రిజ్‌లో ఆ డబ్బా పెట్టడానికి ఇంట్లో ఎవరు ఒప్పుకుంటారు? పెళ్లికో పనికో బయటికి వెళ్లినప్పుడు రెండుసార్లు తప్పిపోతే కార్టిసాల్ తక్కువ చూపిస్తుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయనివాళ్లలో కూడా తప్పుగా తగ్గుతుంది. నా మట్టుకు ఈ మూడింటిలో మొదటి రెండే మన పరిస్థితులకు తగినవి.

1.8 అన్న గీత మీద అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. పూర్వం ఈ గీత 5 దగ్గర ఉండేది. 5 దగ్గరే ఉంచితే ఆరోగ్యవంతులు అనవసరంగా దొరికేది నూటికి ఐదుగురి లోపే. దాన్ని కిందికి జరిపి ఇంతమందిని ఎందుకు బెదిరించాలి? జవాబు ఏమిటంటే, 5 దగ్గర ఉంచినప్పుడు పిట్యుటరీ గడ్డ ఉన్న రోగులు కొందరు, కార్టిసాల్ కొంత దిగడం వల్ల, గీత కిందికి జారి తప్పించుకున్నారు. వాళ్లు మళ్లీ ఏళ్ల తరబడి తిరగాల్సిందే. దొరకకుండా పోవడం, అనవసరంగా దొరకడం అనే రెండు తప్పుల్లో రెండోదాన్ని మరో పరీక్షతో దిద్దుకోవచ్చు, మొదటిదాన్ని దిద్దుకోలేం. పైగా గీతను కిందికి జరపడం వల్ల అనవసరంగా దొరికినవాళ్లంతా వట్టి తప్పులు కారు. మద్యం అలవాటు, తీవ్రమైన డిప్రెషన్, అదుపు తప్పిన షుగరు, బాగా లావు ఉన్నవాళ్లలో కార్టిసాల్ నిజంగానే కొంత పెరుగుతుంది, దానికి మూలం గడ్డ కాదు. మద్యం మానేశాక, షుగరు అదుపులోకి వచ్చాక కొన్ని వారాలకో నెలలకో మళ్లీ పరీక్షిస్తే అది సర్దుకుంటుంది. ఇలాంటి చోట వేచి చూడటమే పరీక్ష. కుషింగ్ ముందుకే సాగుతుంది, మిగతావి సాధారణంగా సాగవు. అరుదుగా కొందరిలో కార్టిసాల్ వారాల తరబడి పెరిగి మళ్లీ మామూలుకు వచ్చే రకం జబ్బు ఉంటుంది. గుర్తులు బలంగా ఉండి పరీక్షలు నార్మల్ వచ్చినప్పుడు ఆ రిపోర్టును పూర్తిగా నమ్మకుండా మళ్లీ చేయడమే మార్గం.

కార్టిసాల్ ఎక్కువుందని రెండు పరీక్షలు ఒప్పుకున్నాకే ఎక్కడి నుంచి అన్న ప్రశ్న. ఏసీటీహెచ్ కొలవాలి. అది బాగా అణగిపోయి, మిల్లీలీటరుకు 5 పికోగ్రాముల లోపుంటే అడ్రినల్‌లోనే గడ్డ ఉండి, ఆజ్ఞ లేకుండా పనిచేస్తోందన్నమాట. 20 దాటి ఉంటే ఆజ్ఞ పంపేవాళ్లది తప్పు, అంటే పిట్యుటరీలోనో, అరుదుగా ఊపిరితిత్తుల్లాంటి చోట్లనో ఉన్న గడ్డ. చెప్పడానికి తేలిక. కానీ ఏసీటీహెచ్ చాలా సున్నితమైనది, వేడికి త్వరగా చెడుతుంది. రక్తాన్ని ఈడీటీఏ గొట్టంలో తీసి, వెంటనే ఐసులో పెట్టి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, మంచులా గడ్డకట్టించి పంపాలి. మే నెలలో ఓ చిన్న ఊరి కలెక్షన్ సెంటర్‌లో తీసిన శాంపిల్ మోటారు సైకిలు మీద బస్టాండుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు ప్రయాణం చేస్తే దారిలోనే ఏసీటీహెచ్ తగ్గిపోతుంది. రిపోర్టు తక్కువ చూపిస్తుంది, వైద్యుడి చూపు అడ్రినల్ వైపు మళ్లుతుంది, సీటీ స్కాన్ తీస్తారు. పెద్ద వయసువాళ్ల అడ్రినల్‌లో ఏ హానీ చేయని చిన్న గడ్డలు అరుదేమీ కావు. స్కాన్‌లో ఒకటి దొరికితే, ఐసు పెట్టకపోవడం అన్న చిన్న పొరపాటు ఒక మంచి గ్రంథిని తీసేయడం దాకా వెళ్తుంది.

స్కాన్ చివర ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ముందే ఎంఆర్‌ఐ తీస్తే పోలేదా, గడ్డ ఉందో లేదో కళ్లకు కనిపిస్తుంది కదా అని అడిగేవాళ్లు రోగుల్లోనే కాదు, వైద్యుల్లో కూడా ఉన్నారు. ఏ జబ్బూ లేని పెద్దల్లో పదిమందిలో ఒకరికి పిట్యుటరీలో ఏదో ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. మరోవైపు, కార్టిసాల్ పెంచే పిట్యుటరీ గడ్డలు తరచుగా ఆరు మిల్లీమీటర్ల కంటే చిన్నవి, నిజమైన రోగుల్లో కూడా మూడోవంతు మందికి పైగా ఎంఆర్‌ఐలో ఏమీ కనపడదు. ఉన్నవి కనపడక, లేనివి కనపడే చూపును నమ్మి పుర్రె అడుగున ఆపరేషన్ చేయకూడదు. ఈ ముడిని విప్పింది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన ఎడ్వర్డ్ ఓల్డ్‌ఫీల్డ్ బృందం. 281 మంది రోగుల మీద చేసిన అధ్యయనాన్ని వాళ్లు 1991లో ప్రచురించారు. రెండు గజ్జల్లోని సిరల్లోంచి సన్నని గొట్టాలు పైకి పంపి, పిట్యుటరీ రక్తం దిగే పెట్రోసల్ సైనస్‌ల దాకా తీసుకెళ్లి, అక్కడి రక్తాన్నీ చేతి రక్తాన్నీ ఒకేసారి తీస్తారు. పైన ఏసీటీహెచ్ కింది కంటే రెండింతలు, ప్రేరేపించే మందు ఇచ్చాక మూడింతలు ఉంటే తప్పు పిట్యుటరీదే. గడ్డ సెంటీమీటరు దాటి ఉంటే ఇది సాధారణంగా అక్కర్లేదు, ఆరు మిల్లీమీటర్ల లోపైతే కావాలి, మధ్యలో ఉన్నవాటి మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు.

ఇంత ఖచ్చితమైన పరీక్షలో కూడా ఒక మెలిక ఉంది, నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నేను చూపలేను. ఆరోగ్యవంతుడికి ఈ పరీక్ష చేస్తే కూడా పిట్యుటరీ దగ్గర ఏసీటీహెచ్ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే మామూలు ఏసీటీహెచ్ పుట్టేది అక్కడే. కార్టిసాల్ ఎక్కువుందని ముందే రుజువు కాకుండా, మద్యం వల్లో దిగులు వల్లో పెరిగిన మనిషికి దీన్ని చేస్తే, పిట్యుటరీలో గడ్డ ఉందని ఘంటాపథంగా చెబుతుంది. ఉన్న జబ్బు ఎక్కడిదో చెప్పగల పరీక్ష, జబ్బు ఉందో లేదో చెప్పలేదు.

ఇంత వరుస పాటిస్తూ కూర్చుంటే రోగి గతేమిటన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. అనేక దేశాల అధ్యయనాలు కలిపి చూసిన లెక్కలో మొదటి లక్షణం నుంచి నిర్ధారణ దాకా సగటున 34 నెలలు పడుతోంది. కానీ ఆ మూడేళ్లు పరీక్షల వరుసలో పోవడం లేదు. అనుమానం పుట్టకముందే పోతున్నాయి. బీపీకి ఒక డాక్టరు, షుగరుకు ఒకరు, నెలసరికి ఒకరు, దిగులుకు ఒకరు, ఎముక విరిగితే ఇంకొకరు. ఎవరి భాగం వాళ్లు సరిగ్గానే చూస్తారు, మొత్తం మనిషిని చూసేవాళ్లు కరువవుతారు. అనుమానం వచ్చాక మొత్తం వరుస కొన్ని వారాల పని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వరుసను పక్కన పెట్టాల్సిందే. కార్టిసాల్ విపరీతంగా పెరిగి, పొటాషియం పడిపోయి, ఇన్‌ఫెక్షన్ ముంచుకొస్తున్న రోగికి కీటోకోనజోల్ లాంటి మందులతో ముందు కార్టిసాల్ దించి, గడ్డ ఎక్కడుందో తర్వాత వెతుకుతారు. ఇక ఖర్చు మాటకొస్తే, ఈ వరుసలో ముందున్నవన్నీ చవకైనవి. అడగడం, చూడటం, పాత ఫొటో, రెండు మాత్రలు, ఒక రక్తపరీక్ష. గొట్టాలు పంపే పరీక్ష కొద్ది పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంది నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లాల్సినవాళ్లు కూడా కొద్దిమందే. ఎంఆర్‌ఐతో మొదలుపెడితే డబ్బూ పోతుంది, పదిమందిలో ఒకరికి లేని భయమూ అంటుకుంటుంది.

నిర్ధారణకు ఆఖరి రుజువు ఆపరేషన్ తర్వాత వస్తుంది. ముక్కులోంచి వెళ్లి పిట్యుటరీ గడ్డను పూర్తిగా తీసేస్తే, వారం లోపు కార్టిసాల్ సాధారణంగా 2 మైక్రోగ్రాముల కిందికి పడిపోతుంది. గడ్డ ఏళ్ల తరబడి ఆజ్ఞలు గుమ్మరిస్తుంటే మిగతా పిట్యుటరీ పనిచేయడం మానేసి ఉంటుంది మరి. అది తిరిగి లేవడానికి ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది, అందాకా రోగి హైడ్రోకార్టిసోన్ మింగాలి. పొట్లాల మందు, నొప్పి మాత్రలు నెలల తరబడి వాడినవాళ్ల గ్రంథులు కూడా సరిగ్గా ఇదే స్థితిలో ఉంటాయి. స్టెరాయిడ్ అని తెలియగానే భయపడి ఒక్కరోజులో మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. కాబట్టి ఇది చదివాక ఇంట్లో ఎవరి మీదైనా అనుమానం వస్తే, వాళ్ల మాత్రల పట్టీలు, పొడులు, క్రీములు, పీల్చే మందులు అన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. ఆయన చెప్పేదాకా ఏదీ ఆపకండి.